వెండి రేకు మీద శరత్కాలపు గాలి: ఒక మడత తెర ప్రాజెక్టు డైరీ

జూన్

జపాన్ చిత్రకారుడు సకాయ్ హోయిత్సు గీసిన 'వేసవి, శరత్కాలపు గడ్డిమొక్కలు' అనే జంట మడత తెరల్లో ఎడమవైపు తెరని సగం సైజులో చెయ్యాలని మొదలుపెట్టాను. కుడి తెర జోలికి పోవడం లేదు. అందులో వేసవి వానకి తడిసి తలవాల్చిన మొక్కలున్నాయి, ఎడమ తెరలో గాలి ఉంది. నాకు కావలసింది గాలే.

అసలు తెరలు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కో తెరకి రెండు పలకలు. ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లు, పూర్తిగా తెరిస్తే వెడల్పు 182. నా తెర 82 ఎత్తు, 91 వెడల్పు. మా హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య ఇంతకన్నా పెద్దది నిలబెడితే ఇంట్లో గొడవలవుతాయి.

ముందు వేరే తెరలూ చూశాను. ముసాషినో మైదానం తెరలని కొన్ని ఉన్నాయి. ఎదురుగా అడ్డంగా పెరిగిన గడ్డి, ఆ గడ్డి మధ్యకే దిగిపోయినట్టున్న చంద్రుడు. బాగుంటాయి, కానీ అందులో పోచపోచకీ పోచ గియ్యాలి, నాకు అంత ఓపిక లేదు. ఎర్ర మేపుల్ ఆకుల తెరలు మరీ పండగలా అనిపించాయి. హోయిత్సు తెరలో సగం ఖాళీ. ఖాళీ ఉంటే పని తక్కువ అనుకునేవాళ్లు ఉంటారేమో, వెండి రేకు అతికించేదాకా అలాగే అనుకోవచ్చు.

ఈ తెర వెనక సంగతి తెలియకపోతే బొమ్మ సగమే తెలుస్తుంది. వెనక అని ఊరికే అనలేదు. 17వ శతాబ్దంలో తవరాయ సోతాత్సు బంగారు రేకు మీద వాయుదేవుణ్ణీ ఉరుముల దేవుణ్ణీ గీశాడు. దాన్ని చూసి ఒగాతా కోరిన్ (1658–1716) తనూ ఒక జంట గీశాడు. తరాలు గడిచాక, ఆ కోరిన్ తెరల వెనకవైపు ఖాళీగా ఉంది, అక్కడ బొమ్మ వెయ్యమని హోయిత్సుని అడిగారు. అడిగింది పదకొండో షోగున్ (జపాన్ సైనిక పాలకుడు) ఇయెనారి తండ్రి. ఇదెమిత్సు మ్యూజియంలో ఉన్న చిత్తు బొమ్మ మీది రాతని బట్టి ఇది 1821 నాటి పని.

హోయిత్సు హిమేజి ప్రభువుల ఇంట పుట్టినవాడు, తర్వాత సన్యాసం తీసుకున్నాడు. కోరిన్ని ఎప్పుడూ కలవలేదు, పుట్టేసరికే ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. అయినా గురువుగా భావించుకుని, 1815లో ఆయన నూరో వర్ధంతి చేశాడు. అలాంటి మనిషికి ఆయన బొమ్మ వీపు మీదే గీసే అవకాశం వచ్చింది. మళ్లీ దేవుళ్లని గియ్యలేదు. ఉరుముల దేవుడి వెనక వానకి వంగిన మొక్కలు, వాయుదేవుడి వెనక గాలికి వంగిన మొక్కలు పెట్టాడు. ముందు బంగారం ఉంది కాబట్టి వెనక వెండి. ముందు ఆకాశం, వెనక నేల.

ఎడమ తెరలో గాలి ఎక్కడా కనిపించదు. వంగిన సుసుకి గడ్డి, తిరగబడి తెల్లటి అడుగు చూపిస్తున్న కుజు తీగ ఆకులు, ఊదారంగు ఫుజిబకామా పూలు, తెగి ఎగిరిపోతున్న ఎర్రటి ఆకులు. వీటన్నిటినీ కదిలించేవాడు అవతలివైపు బంగారం మీద గాలి సంచి పట్టుకుని పరిగెడుతున్నాడు.

1974లో రెండువైపుల బొమ్మల్నీ విడదీసి వేర్వేరు తెరలుగా బిగించారు. మడిచి తెరిచిన ప్రతిసారీ రెండువైపులా అరుగుతుంది కాబట్టి అది సబబే. కాకపోతే ఇప్పుడు ఎడమ తెర ముందు నిలబడినవాళ్లకి ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరో ఒకరు చెప్పాలి.

జూలై: చట్రం, కాగితం

బ్యోబు, అంటే జపాన్ మడత తెర, చెక్క పలక కాదు. లోపల సన్నటి పుల్లల జాలీ, దాని మీద పొరలు పొరలుగా కాగితం. అందుకే మనిషంత ఎత్తు తెరని కూడా తేలిగ్గా ఎత్తి పక్కకి జరపగలరు. జపాన్లో జాలీకి సుగి చెక్క వాడతారు. నేను ఆరిన టేకు రీపర్లు తెప్పించాను. మా వీధి చివరి వడ్రంగి మేస్త్రీ డ్రాయింగ్ చూసి, "ప్లైవుడ్ ముక్క కోసిస్తే సాయంత్రానికి అయిపోద్ది సార్, ఇంత జాలీ ఎందుకు?" అన్నాడు. బరువు, తేమ, వంకర అని ఏదో చెప్పాను. కాగితం అతికించి ఆరాక మళ్లీ పిలిచి చూపించాను. వేలితో కొడితే డప్పులా మోగింది. ఆ తర్వాత ప్లైవుడ్ మాట ఎత్తలేదు.

పొరల వరసలో చాలా తెలివుంది. మొదటి పొర గట్టి కాగితం, జాలీకి పూర్తిగా అతికి పుల్లల్ని కదలనివ్వదు. తర్వాతది జాలీ నీడ పైకి కనపడకుండా అడ్డం. ఆ పైన పై అంచు మాత్రమే అతికించి ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వేలాడదీసే కాగితాలు, వాటిని పట్టి ఉంచే ఇంకో పొర. చిట్టచివర చిన్న చిన్న కాగితాలు నాలుగంచులకి మాత్రమే జిగురు పెట్టి అతికిస్తారు, మధ్యలో గాలి ఉండిపోతుంది. బొమ్మ కాగితం దాని మీద కూర్చుంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బినా ఎండాకాలంలో కుంచించుకున్నా ఆ లాగుడు లోపలి పొరల్లోనే సర్దుకుంటుంది, బొమ్మ చిరగదు.

లోపలి పొరలకి పాత రోజుల్లో వాడేసిన కాగితాలే వాడేవాళ్లు. లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు. ఇప్పుడు పాత తెరల్ని మరమ్మతుకి విప్పితే అవి బయటపడుతున్నాయి, చరిత్రకారులకి పండగ. మా ఇంట్లోనూ తాతయ్య పద్దుల పుస్తకం ఒకటుంది, చేతికాగితమే, సరిగ్గా సరిపోతుంది. చింపడానికి చేతులు రాలేదు. నేపాలీ లోక్తా కాగితం కొన్నాను.

జిగురు మాత్రం ఇంట్లోదే. మైదా ముద్దని నీళ్లలో పిసికితే జిగట ముద్ద చేతిలో మిగిలి పాలు కిందికి దిగుతాయి. హల్వాకి గోధుమ పాలు తీసినట్టే. ఆ పాలు పేరుకున్నాక పైనీళ్లు వంచేసి, సన్నసెగ మీద అద్దంలా మారేదాకా కలిపి, చల్లార్చి జల్లెడలోంచి రుద్దాలి. జపాన్లో తెరలు కట్టేవాళ్లు వాడేదీ గోధుమ పిండి నుంచి తీసిన గంజే. మన బైండింగ్ షాపుల్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. వెండి కింద రాగి లవణం పెట్టే ధైర్యం నాకు లేదు, మానేశాను. ఏ రోజు జిగురు ఆ రోజే.

రెండు పలకల్ని కలిపేది కాగితపు మడతబందు. లోహం లేదు, మేకు లేదు. కాగితం పట్టీలు ఒకటి ముందు నుంచి వెనక్కి, ఇంకోటి వెనక నుంచి ముందుకి మారుస్తూ అతికించాలి. అప్పుడు పలకల మధ్య సందు ఉండదు, తెర రెండు వైపులకీ మడతపడుతుంది. ఈ పద్ధతి రాకముందు పలకల్ని తాళ్లతో కట్టేవాళ్లు, ఒక్కో పలకకీ చుట్టూ విడిగా అంచు ఉండేది, బొమ్మ పలక దగ్గర ఆగిపోయేది. కాగితపు బందు వచ్చాక మొత్తం తెర ఒకే బొమ్మ అయింది. హోయిత్సు గాలి ఒక పలక నుంచి ఇంకో పలకకి అడ్డులేకుండా వెళ్లిందంటే ఆ కాగితం పట్టీల పుణ్యమే.

ఆగస్టు: వెండి

జపాన్లో రేకు పని కనజావాలో జరుగుతుంది. అక్కడి బంగారు రేకు పలక మామూలు కొలత 10.9 సెంటీమీటర్ల చదరం. తెప్పించుకోవచ్చు. కానీ హైదరాబాద్‌లో ఉంటూ వెండి రేకు విదేశం నుంచి తెప్పించడం ఏంటనిపించింది. చార్మినార్ దగ్గర వరఖ్ కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. సుత్తి చప్పుడు వింటూ వెళ్తే దుకాణం దొరుకుతుంది. అక్కడి పెద్దాయన "మిఠాయికా, హకీం మందుకా?" అని అడిగారు. బొమ్మకి అంటే నవ్వి, ఊపిరి బిగబట్టి పని చెయ్యమన్నారు.

వెండో అల్యూమినియమో తేల్చుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. వేళ్ల మధ్య రుద్దితే వెండి మాయమైపోతుంది, అల్యూమినియం చిన్న ఉండలు కడుతుంది. కాలిస్తే వెండి మెరిసే గుండు అవుతుంది, అల్యూమినియం బూడిద మిగులుస్తుంది. నేను తెచ్చింది గుండు అయింది.

చిత్రకారుల రేకుతో పోలిస్తే వరఖ్ మరీ పల్చన. పట్టకారుతో పట్టుకుంటే చిరుగుతుంది. ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, బటర్ పేపర్ మీద కొబ్బరినూనె రాసీ రాయనట్టు రాసి తుడిచేసి, దాన్ని వరఖ్ మీద ఆనిస్తే రేకు దానికి అంటుకుని వస్తుంది. జపాన్లో కూడా నూనె పట్టించిన కాగితంతోనే రేకు ఎత్తుతారు. కాగితానికి ముందుగా బంక నీళ్లు పట్టించి, ఇంకా తడి ఉండగానే పైన పరిచి, వెనక నుంచి మెత్తటి బ్రష్‌తో అదిమి, బటర్ పేపర్ లాగెయ్యాలి. ఒక్క పొర చాలదు, కింద కాగితం కనిపిస్తుంది. రెండు పొరలు వేశాక నిండుగా వచ్చింది.

పలక పక్కన పలక పెట్టినప్పుడు అంచులు కొద్దిగా ఎక్కుతాయి. అక్కడ వెండి రెట్టింపు కాబట్టి సన్నని గీత కనిపిస్తుంది. పాత తెరల మీద కనిపించే చదరపు గళ్లు ఇవే. కొందరు ఈ గీతలు కనపడకుండా రుద్దుతారు. నేను ఉంచేశాను. ఖాళీ ఆకాశానికి ఆ గళ్లు లేకపోతే కన్ను నిలబడే చోటే ఉండదు.

ఇక నల్లబడటం. బంగారానికి ఈ బాధ లేదు. గాలిలోని గంధకపు వాయువులతో కలిసి వెండి సల్ఫైడ్ అవుతుంది, ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, చివరికి నలుపు. అట్టముక్కల మీద రేకు వేసి ఒకటి వంటింట్లో, ఒకటి అల్మారాలో, ఒకటి మూతపెట్టిన డబ్బాలో ఉడికిన గుడ్డుతో పాటు పెట్టాను. గుడ్డు పక్కన పెట్టింది అన్నిటికన్నా ముందు రంగు మారింది. వంటింటి ముక్క నెమ్మదిగా మారుతోంది. బంక నీళ్లలో పటిక కలిపి పైపూత వేసిన ముక్క మాత్రం బాగా నిలబడింది. ఈ పూతని జపాన్ చిత్రకారులు దోసా అంటారు, కాగితానికీ వాడతారు, రేకు మీదా వాడతారు.

అల్యూమినియం రేకు వాడితే ఈ టెన్షన్ ఏమీ ఉండదు కదా అని ఒక ఫ్రెండ్ అన్నాడు. నిజమే, ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. నాకు అది వద్దు. వెండి మారుతుందని హోయిత్సుకి తెలియదా? జపాన్లో వెండి రేకుని గంధకపు పొగతో కావాలని రంగు మార్చే అలవాటు కూడా ఉంది. శరత్తు బొమ్మకి ఎప్పటికీ మారని నేపథ్యం పెట్టడం నాకు అతకలేదు.

సెప్టెంబరు చివర: రెల్లు

కుజుగానీ సుసుకిగానీ హైదరాబాద్‌లో దొరకవు. ఫొటోలు చూసి గీస్తే ప్రతి పోచా ఆగిపోయినట్టే వస్తోంది. కానీ సుసుకికి దగ్గరి చుట్టం మనకి కావలసినంత ఉంది. రెల్లు. రెండూ ఒకే గడ్డి కుటుంబంలోవి. ఆకు మధ్యలో తెల్లటి ఈనె, చెయ్యి కోసేసే అంచు, వానలు తగ్గగానే వచ్చే వెండిరంగు కంకి, అన్నీ కలుస్తాయి. కృష్ణ ఒడ్డున లంకల్లోకి స్కెచ్‌బుక్ పట్టుకుని వెళ్లాను.

ఎనిమిదో శతాబ్దపు కవి యమనోయే నో ఒకురా శరత్తులో పూసే ఏడు మొక్కల్ని వేళ్ల మీద లెక్కపెడుతూ పాట కట్టాడు. హగి, సుసుకి, కుజు, నదెషికో, ఒమినయెషి, ఫుజిబకామా, 'అసగావో' అన్న ఏడోది. అసగావో అంటే కిక్యో అనే నీలి గంటపువ్వేనని ఎక్కువమంది అంటారు. ఏడింటిలో తినడానికి పనికొచ్చేవి తక్కువ, చూడటానికే. తెరల మీద శరత్తు గియ్యాలంటే వీటిలోంచే ఏరుకుంటారు. జపాన్ చూసేవాళ్లకి సుసుకి కనిపించగానే నెల తెలిసిపోతుంది. మనకీ అంతే, రెల్లు పూసిందంటే దసరా దగ్గరపడింది.

లంకలో కూర్చుంటే తెలిసిన మొదటి సంగతి, గాలికి గడ్డంతా ఒకేలా వంగదు. మొదలు గట్టిగా నిలబడుతుంది. నడుము దగ్గర వంపు మొదలవుతుంది. కంకి తేలిక కాబట్టి ముందు అది పోతుంది, ఆకు చివర దాని తర్వాత. గాలి తగ్గగానే కంకి లేచేస్తుంది, పొడవాటి ఆకు ఇంకా కిందే ఉంటుంది. అంటే ఒక్క క్షణంలో ఒకే మొక్క మీద రెండు మూడు రకాల వంపులుంటాయి. తిరిగొచ్చి హోయిత్సు బొమ్మ ప్రింటు పెద్దది చేసి చూస్తే, ఆకులన్నీ ఒక వైపుకే పోతున్నా ఏ రెండూ ఒకే వంపులో లేవు. ఇంతకుముందు నాకది అలంకారం అనిపించేది. ఇప్పుడు మాత్రం ఆయన బయట కూర్చుని చూశాడనే నమ్ముతున్నాను.

పక్కన గేదెలు మేపుకుంటున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "గడ్డి కోసం అంత దూరం నుంచి వచ్చావా బాబూ?" అంది. అవునన్నాను. "కోసుకెళ్లు, ఎవరూ ఏమీ అనరు" అంది.

కుజు ఆకులకి చిక్కుడు పాదు దొరికింది. రెండూ చిక్కుడు కుటుంబమే, మూడేసి ఆకుల రెమ్మ. చిక్కుడాకుకి కుజు అంత తెల్లటి అడుగు ఉండదు, కానీ గాలికి ఆకు ఎలా తిరగబడుతుందో అదే చెబుతుంది. మూడింటిలో మధ్య ఆకు పొడవు కాడ మీద ఉంటుంది కాబట్టి అది ముందు తిరుగుతుంది, పక్క రెండూ దాని వెంట వెళ్తాయి. మేడ మీద కుండీలో పాదు పెట్టి, టేబుల్ ఫ్యాన్ పెట్టి గీశాను.

అక్టోబరు: రంగు

గోఫున్ అంటే ఆల్చిప్పల పొడితో చేసిన తెలుపు. దాన్ని బంకతో కలిపి ముద్ద చేసి, గిన్నెలో మళ్లీ మళ్లీ విసిరి కొట్టాలి. నూరుసార్లు కొట్టాలని చెబుతారు. కింది ఇంటి ఆంటీ పైకొచ్చి, "రోజూ ఈ టైముకి పరోటాలా?" అని అడిగారు. ముద్ద చూపించాక ఇంకా అనుమానంగా వెళ్లారు.

పచ్చకి మలకైట్ రాయి పొడి. ఇందులో ఒక విశేషం ఉంది, ఒకే రాయిని ముతకగా నూరితే ముదురు పచ్చ, మెత్తగా నూరేకొద్దీ లేత పచ్చ. తెలుపు కలపక్కర్లేదు. కుజు ఆకు పైవైపుకి ముతక రకం, తిరగబడిన అడుగుకి బాగా మెత్తటి రకంలో కొంచెం గోఫున్. రెండు రంగులూ ఒకే రాయి నుంచి రావడం వల్ల అవి ఒకే ఆకు రెండు ముఖాల్లా కనిపిస్తాయి. ట్యూబు రంగులతో ప్రయత్నిస్తే రెండు వేరు ఆకులు వచ్చాయి.

కోరిన్ సంప్రదాయంలో వాళ్లంతా వాడే తరషికోమి అనే పద్ధతి ఉంది. ఒక పూత తడిగా ఉండగానే దానిలో ఇంకో రంగు చుక్క వెయ్యడం. అది తనంతట తాను పాకి, ఆరాక అంచు దగ్గర నిలుస్తుంది. మామూలు కాగితం నీటిని పీల్చేస్తుంది. దోసా పట్టిన వెండి పీల్చదు, నీరు పైనే మడుగు కడుతుంది, చుక్క పాకడానికి కావలసినంత టైము ఉంటుంది. అందుకే పలకని నేల మీద పరిచి, నీటిమట్టం పెట్టి సరిచూశాకే మొదలుపెడుతున్నాను. కొంచెం వాలు ఉన్నా పచ్చంతా ఒక మూలకి చేరుతుంది.

సుసుకి ఆకులకి మాత్రం చుక్కలు లేవు, ఒకే గీత. భుజం నుంచి చెయ్యి తిప్పాలి, మణికట్టు నుంచి కాదు. మధ్యలో ఆగితే అక్కడ గాలి ఆగిపోతుంది. వెండి మీద తుడిచి మళ్లీ వెయ్యడం కుదరదు కాబట్టి ముందు పాత న్యూస్ పేపర్ల మీద వేసుకున్నాను. ఇల్లంతా గడ్డి గీసిన పేపర్లే. ఎదురింటి పిల్లాడు వాటితో పడవలు చేసుకున్నాడు.

ఎర్ర ఆకులు చివర వేశాను, తక్కువే, నేల మీద ఒక్కటీ లేదు, అన్నీ గాల్లోనే. బొమ్మలో పెద్ద ఎరుపు ఇదొక్కటే. రాలిన ఆకులు కింద పరిస్తే శరత్తు అయిపోయినట్టు ఉంటుంది. గాల్లో ఉంటే ఇంకా జరుగుతున్నట్టే. జపాన్లో శరత్కాలపు తుఫాను గాలికి నోవాకి అని పేరు. ఈ తెర ఆ తుఫాను మధ్యలోది.

నవంబరు: నిలబెట్టి చూడటం

పలకలు పడుకోబెట్టి గీసినంతసేపు బొమ్మ ఒకటి. బందు బిగించి కోణంలో నిలబెట్టాక ఇంకొకటి. రెండు పలకలూ చెరో వైపు తిరుగుతాయి కాబట్టి కిటికీ వెలుతురు ఒకదాని మీద తెల్లగా, రెండోదాని మీద బూడిదరంగుగా పడుతోంది. మడత మీదుగా వెళ్లే పొడవాటి ఆకు అక్కడ విరిగి, రెండో పలకలో ఇంకా నిటారుగా కనిపిస్తోంది. పక్కకి నడిస్తే వంపు మారుతుంది. మ్యూజియం వెబ్‌సైటుల్లో తెరని పూర్తిగా పరిచి ఫొటో తీస్తారు. ఇంతకాలం నేను చూసింది ఆ పరిచిన బొమ్మే. నిలబెట్టిన తెరలో గాలి ఎక్కువ.

ట్యూబులైటు కింద వెండి చచ్చిపోతోంది. ఈ తెరలు చేసిన కాలంలో వెలుతురు పక్కనుంచో కిందనుంచో వచ్చేది, కాగితపు తలుపుల్లోంచి, నూనె దీపాల నుంచి. నేల మీద చిన్న ల్యాంపు పెట్టి చూస్తే రేకు గళ్లు తేలాయి, తిరగబడిన కుజు ఆకులు ముందుకొచ్చాయి. ఫుజిబకామా ఊదా మాత్రం ఆ వెలుతురులో దాదాపు కనిపించడం లేదు, ఇంకో పూత పడాలి.

మిగిలిన పని: ఫుజిబకామా పూత, చుట్టూ నల్ల అంచు పట్టీలు, మూలలకి రాగి తొడుగులు. పట్టీలకి మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చాను, సంక్రాంతి లోపు ఇస్తానన్నాడు.

వెనకవైపు ఇంకా కాగితమే. అక్కడ వాయుదేవుణ్ణి గియ్యి, రెండో వైపు లేకుండా ఈ బొమ్మ ఎలా పూర్తవుతుందని ఫ్రెండ్ పట్టుబడుతున్నాడు. వాడు చెప్పేది ఒప్పుకుంటాను. కానీ దానికి బంగారం కావాలి, వరఖ్ దుకాణంలో బంగారు రేకు ధర అడిగి వచ్చాను. ప్రస్తుతానికి వెనక ముదురు నీలం కాగితం వేస్తున్నాను.